ఇంటి పన్ను రాయితీలు: ఎదురింటక్కకు ఎంత అందింది, నాకెంత అందింది

మా గల్లీలో ఎవరికి ఇంటి పన్ను నోటీసు వచ్చినా ఆ కాగితం ముందు నా దగ్గరికి వస్తుంది. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి, కాగితాలు చదవడం నాకు అలవాటని వాళ్ళ నమ్మకం. 2025 మార్చిలో ఎదురింటక్క ఒక కాగితం పట్టుకుని వచ్చింది. అప్పట్నుంచి ఆ ఏడాది అక్టోబర్ దాకా ఆమెతో కలిసి మూడుసార్లు పన్ను కౌంటర్‌కు వెళ్ళాను. జీహెచ్‌ఎంసీ, అంటే మా హైదరాబాద్ నగరపాలక సంస్థ, చిన్న ఇళ్ళవాళ్ళకు ఇస్తున్న రాయితీలు ఎలా ఉన్నాయో, వాటిని అందుకోవడం ఎంత సులువో, ఎంత కష్టమో నాకు కనిపించింది కనిపించినట్టు రాస్తున్నాను.

ముందు అక్క సంగతి చెప్పాలి. అరవై గజాల్లో ఇల్లు. కింద ఒక స్లాబు గది, వంటిల్లు. పైన 2018లో వేసిన చిన్న గది. భర్త మేస్త్రీ పని చేసేవాడు, ఆ గది ఆయన తన చేతులతో కట్టిందే. 2021 మే నెలలో ఆయన పోయాడు. అక్క పూలు అమ్ముతుంది. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చి, మాలలు కట్టి గుడి ముందు కూర్చుంటుంది. ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు. ఇదీ ఆమె రాబడి.

నోటీసు చేతిలో పెట్టి, "ఏంది తమ్మీ, ఇంత పడ్డది? ఒక ఏడు కట్టిన గద?" అంది.

కాగితం మీద 8,000 దాటి ఉంది. ఏడాది పన్ను 1,380. నాలుగేళ్ళది కలిపితే 5,520. మిగతాదంతా వడ్డీ.

ఆ వడ్డీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటి పన్ను గడువు దాటితే నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున పడుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏమిటో మా గల్లీలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చేబదులుకు అందరూ తెచ్చుకునే వడ్డీ అదే. ఏడాదికి 24 శాతం అన్నమాట. బ్యాంకులో ఇల్లు కట్టుకోవడానికి అప్పు తీసుకున్నవాడు కట్టే వడ్డీకి ఇది రెండింతలు దాటుతుంది. చేతిలో డబ్బు లేక ఆగిన మనిషి మీద నెలనెలా ఇలా పడుతూ పోతే చివరికి పన్ను కన్నా వడ్డీ చూసే భయపడే పరిస్థితి వస్తుంది. అక్క విషయంలో జరిగింది అదే. రెండేళ్ళ కింద బిల్లు చూసి టెన్షన్ పడి బియ్యం డబ్బా కింద పెట్టేసిందట.

"ఒక ఏడు కట్టిన" అన్నది కూడా అబద్ధం కాదు. 2022లో ఎవరో తెలిసినతను "నేను కట్టేస్తా, నువ్వు లైన్‌లో నిలబడక్కర్లేదు" అని 1,380 తీసుకున్నాడు. తెల్ల చీటీ మీద అంకె రాసి ఇచ్చాడు. ఆ చీటీని ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకుంది. ఫోన్‌లో జీహెచ్‌ఎంసీ సైట్ తెరిచి, ఆమె ఇంటి పీటీఐఎన్, అంటే ఇంటి పన్ను గుర్తింపు నంబర్, కొట్టి చూపించాను. ఆ ఏడాది ఖాతాలో రూపాయి కూడా జమ కాలేదు. కాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. ఇది చదివేవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి: ఇంటి పన్ను ఎవరి చేత కట్టించినా సరే, అదే రోజు ఆ నంబర్ కొట్టి బకాయి తగ్గిందో లేదో చూసుకోండి. నంబర్ పాత రసీదు మీదే ఉంటుంది, చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక రాయితీల సంగతి.

అన్నిటికన్నా పెద్దది 101 రూపాయల పన్ను. దాదాపు పదేళ్ళ కింద వచ్చిన నిర్ణయం ఇది. నగరంలో సొంత నివాసానికి ఏడాది పన్ను 1,200 రూపాయల లోపు ఉంటే 101 కడితే చాలు. బస్తీల్లో రేకుల ఇళ్ళవాళ్ళకు ఇది నిజంగా గొప్ప మేలు. మా వెనక గల్లీలో చాలా ఇళ్ళు 101 లెక్కలోనే ఉన్నాయి. అక్కడ ఇంటి పన్ను అంటే ఎవరికీ బెంగ లేదు. రసీదు మాత్రం చేతికి వస్తుంది, దాని విలువ చిన్నది కాదు. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇంటి మీద హక్కు వచ్చినట్టు కాదు. కానీ అక్కడ ఫలానా సంవత్సరం నుంచి ఉంటున్నామని చెప్పుకోవడానికి పేదవాడి దగ్గర ఉండే కాగితాలు కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఈ రసీదు. 2014 చివర్లో 58వ నంబర్ జీవో వచ్చి, సర్కారు జాగాలో 125 గజాల లోపు ఇల్లు వేసుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామన్నప్పుడు జనం పరుగెత్తుకుంటూ వెతుక్కున్నవి ఈ కాగితాలే. అందుకే పన్ను పూర్తిగా మాఫీ చేయడం కన్నా 101 తీసుకుని రసీదు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

కానీ ఈ రాయితీకి ఒక అంచు ఉంది. అక్క ఆ అంచు మీద నుంచే జారిపడింది.

పైగది వేయకముందు ఆమె ఇంటి పన్ను ఏడాదికి 1,100 చిల్లర. అప్పుడు కట్టింది 101. గది వేశాక కొలతలు పెరిగాయి. ఇంటి పన్ను లెక్క ఆ ఏరియాలో చదరపు అడుగుకు నెలకు ఇంత అద్దె వస్తుందన్న అంచనా మీద నడుస్తుంది కాబట్టి, అడుగులు పెరిగితే పన్నూ పెరుగుతుంది. 1,380 అయింది. పెరిగింది మూడు వందల లోపే. కానీ 1,200 దాటగానే 101 రాయితీ మొత్తం పోయింది. నిన్నటిదాకా 101 కట్టిన ఇల్లు ఇవాళ 1,380 కట్టాలి. ఒక చిన్న గదికి, పన్ను పదమూడు రెట్లు దాటింది. పెళ్ళీడు కూతురు ఉందని, వచ్చిన చుట్టం పడుకోవడానికి చోటు లేదని వేసుకున్న గది అది. 1,200 దాటిన భాగానికే పూర్తి పన్ను వేసి మిగతాదానికి రాయితీ ఉంచితే, లేదా 1,200 నుంచి 2,000 దాకా ఉన్న ఇళ్ళకు మధ్యలో ఒక మెట్టు పెడితే ఇలాంటి ఇళ్ళన్నీ తట్టుకుంటాయి. పదేళ్ళలో సిమెంటు ధర మారింది, అద్దెలు మారాయి. ఆ 1,200 మాత్రం అక్కడే ఉంది. నా దృష్టిలో ఈ పథకంలో ముందు సరిచేయాల్సింది ఇదే.

రెండోది వన్‌టైమ్ స్కీమ్, జనం ఓటీఎస్ అంటారు. పాత బకాయి మీద పడ్డ వడ్డీలో 90 శాతం మాఫీ. అసలు పన్ను మొత్తం, మిగిలిన పది శాతం వడ్డీ ఒకేసారి కట్టాలి. 2020లో పెట్టారు, 2022లో పెట్టారు, 2024 మార్చిలో మళ్ళీ, 2025 మార్చిలో మళ్ళీ. అక్కకు 2022 సంగతి తెలియదు, 2024 సంగతీ తెలియదు. ఈసారి నోటీసు నా దగ్గరికి రాబట్టి తెలిసింది. లెక్క వేసి చూపించాను: వడ్డీ 2,500 పైచిలుకు. అందులో 250 కడితే మిగతాది పోతుంది. మొత్తం 5,800 దగ్గర తేలుతుంది.

"మిగిలేది మంచిగనే ఉంది తమ్మీ. కాని ఒక్కపాలి ఐదు వేల ఎనిమిది వందలు యాడికెల్లి తేవాలె?"

గడువు మార్చి 31. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, మర్నాడే రంజాన్. పూలమ్మేవాళ్ళకు ఉగాది అంటే ఏమిటో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. బంతి, చామంతి, మామిడాకులు, వేపపువ్వు ముందే కొనిపెట్టుకోవాలి. చేతిలో ఉన్న నాలుగు రాళ్ళూ పెట్టుబడిగా పోతాయి. ఉగాది రోజు సాయంత్రానికి గానీ తిరిగి రావు. సరిగ్గా ఆ వారమే పన్నుకు మొత్తం ఒకేసారి తెమ్మంటే ఎవరు తేగలరు? చివరికి చిట్టీ ఎత్తింది. రెండు నెలలు ఆగితే ఇంకా ఎక్కువ వచ్చేది, తొందరలో తక్కువ పాటకు ఎత్తాల్సి వచ్చింది. అక్కడ పోయిన డబ్బు లెక్కవేస్తే, మాఫీ అయిన వడ్డీలో సగం దాకా చిట్టీలోనే కరిగింది. నేను అప్పుగా ఇస్తానన్నాను, తీసుకోలేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు మనుషుల మధ్య మాట తెస్తాయంది. బలవంతం చేయలేదు.

ఓటీఎస్ చెడ్డ పథకం అని నేను అనను. అక్క నెత్తి మీద బరువు దింపింది అదే. కానీ దీన్ని పేదల రాయితీ అని పిలవకూడదు. జూబ్లీహిల్స్‌లో లక్షలు బకాయి పడ్డ బిల్డింగ్‌కు కూడా అదే 90 శాతం, మా అక్కకూ అదే 90 శాతం. కట్టగలిగి కట్టనివాడు స్కీమ్ వచ్చేదాకా ఆగుతాడు, వాడికి పేపరు చూసి లెక్క చెప్పే మనుషులు ఉంటారు. కట్టలేక ఆగినవాళ్ళకు స్కీమ్ వచ్చిందనే తెలియదు, తెలిసినా ఒకేసారి డబ్బు పుట్టదు. చిన్న ఇళ్ళకైనా నాలుగు వాయిదాలు ఇవ్వాలి. నెల ముందు బిల్ కలెక్టర్ ఇంటికి వచ్చి నోటితో చెప్పాలి. చదువు రాని మనిషికి కాగితం ఇచ్చి పోతే చెప్పినట్టు కాదు.

ఉగాదికి ముందు ఆదివారం పొద్దున్నే సర్కిల్ ఆఫీసుకు వెళ్ళాం. ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు ఆదివారాల్లో ప్రాపర్టీ టాక్స్ పరిష్కారం అని పెడుతుంటారు. కొలతల్లో తప్పులు, బిల్లు తేడాలు, పేరు మార్పులు లాంటి గొడవలన్నీ అక్కడే కూర్చుని చూస్తారు. ఈ ఆలోచన చేసినవాళ్ళకు నా నమస్కారం. కూలీకి పోయే మనిషి సోమవారం ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. ఆదివారం అయితే ఆ నష్టం లేదు. అక్క కూడా పొద్దున మాలలు గుడి దగ్గర పక్కావిడకు అప్పగించి వచ్చింది.

కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళను నేను ఊరికే చూడలేను. నా పని అది, నా కళ్ళకు కొన్ని కనిపిస్తాయి. డబ్బు తీసుకోకముందే మొత్తం ఎంతో పైకి చెబుతున్నారా, నోట్లు మనిషి ముందే లెక్కపెడుతున్నారా, రసీదు ఇచ్చేటప్పుడు ఒకసారి చదివి వినిపిస్తున్నారా అని. ఆ రోజు కూర్చున్న అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మూడూ చేసింది. అక్క పది రూపాయల నోట్లు, ఇరవైలు కట్టలుగా కట్టి తెచ్చింది, పూలమ్మే మనిషి దగ్గర ఐదు వందల నోట్లు ఎక్కడివి? ఆ అమ్మాయి విసుక్కోలేదు. "అమ్మా, వడ్డీ ఇంత పోయింది, మీరు కట్టేది ఇంత" అని వేలు పెట్టి చూపించింది. బిల్లు ఇంకా భర్త పేరు మీదే ఉంది. పన్ను ఎవరు కట్టినా పర్వాలేదని, పేరు మార్పిడికి మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం కావాలని, బకాయి లేకుండా ఉంటేనే ఆ పని ముందుకు పోతుందని చెప్పింది. అంత ఓపికగా చెప్పినందుకు ఆ అమ్మాయికి పదికి పది మార్కులు.

కూర్చునే చోటు గురించి మాత్రం చెప్పక తప్పదు. లైన్‌లో సగం మంది అరవై దాటినవాళ్ళు, బెంచీలు రెండు. గోడ మీద ఎక్కడా 101 గురించి గానీ, ఓటీఎస్ గురించి గానీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక్క బోర్డు కూడా కనిపించలేదు. నా ముందు నిలబడ్డ ఒక ముసలాయన తన ఇంటికి 101 వర్తిస్తుందో లేదో తెలియక రెండు గంటలు నిలబడి, కౌంటర్ దాకా వచ్చాక తెలుసుకున్నాడు.

మూడోది ఎర్లీ బర్డ్. ఏప్రిల్ 1 నుంచి 30 లోపు ఆ ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తారు. నేను ప్రతి ఏడూ కట్టేస్తాను. నా పన్ను 3,920, నాకు మిగిలేది 196. నెలాఖరుకు పింఛను పడుతుంది, ఫోన్‌లో కట్టేస్తాను, అయిపోతుంది. అక్కకు ఇదే రాయితీ వస్తే 69 రూపాయలు మిగిలేవి. మార్చిలో అంతా ఊడ్చి కట్టిన మనిషి ఏప్రిల్‌లో మళ్ళీ 1,300 ఎక్కడ తెస్తుంది? ఆ 69 ఆమెకు రాలేదు, నా 196 నాకు వచ్చింది. మా ఇద్దరిలో ఎవరికి ఆ డబ్బు ఎక్కువ అవసరమో వేరే చెప్పాలా? ఆ రోజు రసీదు చూసుకుంటూ నాకు మనసు బాగాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇప్పుడు లేని రాయితీ. 2020 నవంబర్‌లో, కరోనా ఏడాది దీపావళికి, నగరంలో 15,000 లోపు పన్ను ఉన్న నివాస గృహాలన్నిటికీ ఆ ఏడాది పన్నులో సగం తగ్గించారు. దరఖాస్తు లేదు, లైన్ లేదు, ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలన్న షరతు లేదు. నేను అప్పటికే కట్టేశాను, నా సగం మరుసటి ఏడాది పన్నులో సర్దుబాటు అయింది. అక్క ఇంట్లో ఉన్న ఆఖరి పాత రసీదు ఆ ఏడాదిదే, 690 రూపాయలు. వాళ్ళాయన స్వయంగా కట్టి తెచ్చింది. ఆ రసీదును ప్లాస్టిక్ కవర్లో ఆయన ఫోటో వెనక పెట్టింది. పేద ఇంటికి సాయం చేయాలనుకుంటే ఇలా చేయాలి. అర్హత కంప్యూటర్ చూసుకోవాలి, తగ్గింపు బిల్లులోనే రావాలి. మనిషి పోయి అడుక్కునే పని ఉండకూడదు.

ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ రాయితీ అనరు గానీ, అక్కకు నిజంగా పనికొచ్చింది అదే. ఇంటి పన్ను ఏడాదికి రెండు విడతలుగా కట్టుకోవచ్చు. మొదటి సగానికి గడువు జూలై 31, రెండో సగానికి అక్టోబర్ 15. ఏప్రిల్‌లో ఆమెకు ఈ మాట చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "జూలైల బోనాలొస్తయి గద తమ్మీ" అంది. నాకు తట్టని లెక్క అది. ఆషాఢంలో బోనాలు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా. పూలమ్మే మనిషి చేతిలో డబ్బు ఆడేది ఆ రోజుల్లోనే. ఆ ఏడాది గడువులు రెండూ ఆ పండుగల వెనకే వచ్చాయి.

బోనాలు అయిన వారానికి 690 కట్టాం. ఈసారి మీసేవలో. పది నిమిషాల్లో పని అయిపోయింది. బయటికి వచ్చాక ఫోన్ నా చేతికిచ్చి నంబర్ కొట్టి చూడమంది. బకాయి దగ్గర సగమే మిగిలింది. ఇంకోసారి చూపించమంది, చూపించాను.

దసరా వెళ్ళాక రెండో సగానికి నేనే గుర్తు చేద్దామనుకున్నాను. ఆమే మా గేటు దగ్గరికి వచ్చి పిలిచింది. కొంగు ముడిలో 690 చిల్లరతో సహా ఉన్నాయి, వేళ్ళకు ఇంకా బంతిపూల పసుపు ఉంది. సర్కిల్ ఆఫీసుకే పోదామంది. ఆ అమ్మాయి చేతికే ఇవ్వాలట. ఆ కౌంటర్‌లో ఆ రోజు వేరే ఆయన కూర్చున్నాడు. ఆయన కూడా నోట్లు ఆమె ముందే లెక్కపెట్టి, రసీదు ఇచ్చి, "ఈ ఏడాదికి ఏం లేదమ్మా" అన్నాడు. అక్క ఆ రసీదు మడవలేదు. ఇంటిదాకా రెండు చేతులతో పట్టుకునే వచ్చింది.